‘పొగమంచు రేవు’లో దిగులు ఎలా కట్టారు

రాత్రి. మంచు కమ్మిన రోడ్డు మీద ఒక లారీ. దారిలో కనిపించిన సిపాయిని డ్రైవర్ ఎక్కించుకుంటాడు. కాసేపటికి లైట్ల వెలుగులోకి ఓ కుక్క అడ్డం వస్తుంది. సిపాయి ఒక్క ఉదుటున స్టీరింగ్ పట్టుకుని పక్కకు తిప్పేస్తాడు. ఓ కుక్క కోసం ఇద్దరి ప్రాణాలూ తీసేవాడివని డ్రైవర్ మండిపడతాడు. కిందికి దిగి కలబడేదాకా వస్తారు, అంతలోనే చల్లబడి, సిగరెట్ల దగ్గర రాజీ పడతారు. లారీ వెళ్లిపోతుంది. కుక్క సిపాయి వెంట పడుతుంది.

1938 మేలో విడుదలైన ఫ్రెంచి సినిమా ‘ల కె దె బ్రూమ్’ ఇలా మొదలవుతుంది. తెలుగులో ‘పొగమంచు రేవు’ అనుకోవచ్చు. దర్శకుడు మార్సెల్ కార్నే, స్క్రీన్‌ప్లే, మాటలు జాక్ ప్రెవేర్. సిపాయి జాఁగా జాఁ గబాఁ, అతను ప్రేమించే నెల్లీగా మిషెల్ మోర్గాన్ నటించారు. నేరం, ప్రేమ, దిగులు కలిసిన సినిమాలు తర్వాత లెక్కలేనన్ని వచ్చాయి. వాటి తీరు తెలుసుకోవాలంటే మొదట విప్పి చూడాల్సిన యంత్రం ఇది. కథ చివరిదాకా చెప్పకుండా విప్పడం కుదరదు కాబట్టి, చూడనివాళ్లు ముందు సినిమా చూడటం మంచిది. తొంభై నిమిషాల పైన ఒక్క నిమిషమే.

మొదటి సీనులోనే మనిషి మొత్తం తెలిసిపోతాడు. ఎవరూ అడక్కుండానే అడ్డం పడతాడు, ఆ క్షణంలో తన ప్రాణం లెక్కలోకి రాదు. చివరి సీనులో అతన్ని చంపేదీ ఈ గుణమే. మధ్యలో ఉన్నదంతా ఈ రెండు సీన్లనీ కలిపే పని. ఆ పని ఎంత పకడ్బందీగా సాగిందో పరిచయ వ్యాసాలు సాధారణంగా పట్టించుకోవు. మంచు గురించీ, నెల్లీ కళ్ల గురించీ రాసి ఊరుకుంటాయి.

జాఁ ఫ్రాన్సు వలసరాజ్యాల్లో పనిచేసే సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాడు. ఎందుకు పారిపోయాడో సినిమా తేల్చి చెప్పదు. లారీలో టాంకిన్ (అప్పట్లో ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న ఉత్తర వియత్నాం) ప్రస్తావన వస్తుంది. అక్కడ మంచు ఉండదు కదా అని డ్రైవర్ అంటే, ఉంటుందని చెప్పి తన తల వైపు చూపిస్తాడు. గతం గురించి ప్రేక్షకుడికి ఇచ్చింది దాదాపు అంతే. ఇలాంటి కథ రాసేవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. హీరో దిగులుకి కారణం చూపించాలని పది నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ పెడతారు. కారణం తెలిసిపోయాక దిగులు ఒక సమస్యగా మారుతుంది, సమస్య అనగానే ప్రేక్షకుడు పరిష్కారం వెతుక్కుంటాడు. కారణం తెలియనప్పుడు మనిషినే చూస్తూ కూర్చుంటాడు.

అతను చేరుకున్న ఊరు లె హావ్ర్, ఉత్తర ఫ్రాన్సులోని పెద్ద ఓడరేవు. పియెర్ మాక్ ఓర్లాఁ 1927లో రాసిన మూలనవల పారిస్‌లోని మోఁమార్త్ర్ గుట్ట మీద జరుగుతుంది. ప్రెవేర్ దాన్ని రేవుకు మార్చాడు. స్థలం మార్పులా కనిపిస్తుంది గానీ కథకు ఇంజన్ బిగించింది అక్కడే. రేవు అంటే ఓడ. ఓడ అంటే బయల్దేరే వేళ. వేళ నిర్ణయమైపోయిందంటే ప్రతి సీనులోనూ తెలియకుండానే గడియారం తిరుగుతుంటుంది. ఈ కథలోని ఓడ వెనిజులా వెళ్లాలి. జాఁ ఊళ్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఓడ కదిలేదాకా గడిచేది రెండు రోజులే.

భగ్నప్రేమ అనగానే తెలుగువాళ్లకు తోచేది ఏళ్ల తరబడి తాగి తాగి క్షీణించే ప్రేమికుడు. ఆ విషాదం కాలం గడిచేకొద్దీ చిక్కబడుతుంది. ఇక్కడ పద్ధతి వేరు. కాలం చాలకపోవడంలోనే బాధంతా ఉంది. ఇద్దరూ ఒకరి సంగతి ఒకరు తెలుసుకునే లోపే విడిపోయే వేళ వచ్చేస్తుంది. అందుకే నెల్లీ, జాఁల మధ్య పెద్ద ప్రేమ సంభాషణలు లేవు. పాడుబడ్డ కొంపలో మొదటి పలకరింపు, రేవు గట్టున కాసేపు నడక, తిరునాళ్ల సంతలో ఒక సాయంత్రం, హోటల్లో ఒక రాత్రి. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇక ఆ యంత్రం సంగతి. జాఁకి మూడు కావాలి: మామూలు బట్టలు, కొత్త పేరు, దేశం దాటే దారి. కథ మూడూ ఇస్తుంది. ఒక్కటీ కష్టపడి సంపాదించుకోవాల్సిన పని లేకుండా ఇస్తుంది. అసలు భయం అక్కడే పుడుతుంది.

రేవు అంచున పనామా అనే ముసలాయన నడిపే చెక్కల కొంప ఒకటుంది. ఎక్కడా తలదాచుకోలేనివాళ్లు అక్కడికి చేరతారు. తన ఇంట్లో పొగమంచు మాటెత్తితే పనామాకు నచ్చదు. అక్కడికి వచ్చేవాళ్లలో క్రౌస్ అనే చిత్రకారుడు ఉంటాడు. వస్తువుల వెనక దాక్కున్న వస్తువుల్ని గీస్తానంటాడు. ఈతగాణ్ణి చూస్తే అతనికి అప్పుడే మునిగిపోయిన శవం కనిపిస్తుంది. ఆ క్రౌస్ తన బట్టలు, కాగితాలు, రంగుల పెట్టె జాఁ కోసం వదిలి సముద్రంలోకి వెళ్లిపోతాడు. జాఁ బట్టలు వేసుకుంటాడు. అవి అతనికి సరిపోతాయి. ఓడ డాక్టరు పరిచయమై చిత్రకళ గురించి అడిగితే, ఏం చెప్పాలో తోచక క్రౌస్ మాటలనే తిప్పి చెబుతాడు. చచ్చిపోయినవాడి చొక్కా, పేరు, చివరికి అతని మాటలు కూడా ఇతనివి అయిపోతాయి. ఆత్మహత్య చేసుకున్న మనిషి పాస్‌పోర్టు మీద బతుకుదామని బయల్దేరినవాడి ప్రయాణం ఎటో ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రెండో ముడి సైనిక దుస్తులది. వాటిని పనామా మూటగట్టి నీళ్లలో పడేస్తాడు. అంతటితో పీడ పోయిందనుకుంటాం. కానీ ఇంతకుముందు నెల్లీ ప్రేమికుడైన మోరిస్ అనే కుర్రాడు కొన్నాళ్లుగా కనిపించడం లేదు. పోలీసులు అతని శవాన్ని బయటికి తీసేసరికి ఈ బట్టలు కూడా దొరుకుతాయి. జాఁ, నెల్లీ హోటల్లో గడిపిన రాత్రి తెల్లారగానే వార్త గదికి చేరుతుంది. అప్పటిదాకా అతను సైన్యం నుంచి పారిపోయినవాడు మాత్రమే. ఇప్పుడు, ముఖం కూడా ఎరగని మనిషి హత్యలో అనుమానితుడు.

ఇది యాదృచ్ఛికం కదా, ఎలా నమ్మాలి అని అడగొచ్చు. నిజమే, యాదృచ్ఛికమే. కానీ రచయితలు గుర్తుపెట్టుకోవాల్సిన కొలత ఒకటి ఇక్కడుంది: హీరోని కష్టంలోకి నెట్టే యాదృచ్ఛికాన్ని ప్రేక్షకుడు నమ్ముతాడు, కష్టంలోంచి లాగే యాదృచ్ఛికాన్ని నమ్మడు. ప్రెవేర్ రెండూ వాడాడు. బయటికి లాగినట్టు కనిపించినదే (క్రౌస్ బట్టలు) లోపలికి నెట్టే రెండోదానికి (నీళ్లలో మూట) దారి చేసింది. కొత్త బట్టలు దొరికాయి కాబట్టే పాతవి నీళ్లపాలయ్యాయి. ఈ గొలుసులో ఏ లంకె తీసేసినా కథ కూలిపోతుంది.

ఆ దుస్తుల వెనక మరో సంగతి ఉంది. సైన్యం నుంచి పారిపోయినవాణ్ణి సానుభూతితో చూపించడం ఆనాటి ఫ్రాన్సులో సున్నితమైన విషయం. ‘పారిపోయినవాడు’ అన్న మాట ఎవరి నోటా రాకూడదనీ, విప్పిన యూనిఫాం విసిరేసినట్టు కాకుండా కుదురుగా మడతపెట్టి ఉండాలనీ అధికారులు షరతు పెట్టారు. ఆ షరతు సినిమాకే మేలు చేసిందనిపిస్తుంది. అతను ఎవరో కొంపలో అందరికీ అర్థమవుతుంది, ఒక్కరూ పైకి అనరు. అడగకపోవడమే అక్కడి మర్యాద అన్నట్టుంటుంది.

నేరం విషయానికొస్తే, మోరిస్‌ని చంపిందెవరన్న చిక్కుముడి సినిమాను నడిపించదు. చంపింది నెల్లీ సంరక్షకుడు జాబెల్. మిషెల్ సిమోన్ వేసిన పాత్ర. గడ్డం, వంగిన నడక, మెత్తటి మాట, వస్తువుల కొట్టు, ఇష్టంగా వినే చర్చి సంగీతం. మొదటిసారి కనిపించినప్పుడే చేతికి రక్తం ఉంటుంది. హంతకుడు ఇతనేనని ప్రేక్షకుడికి త్వరగానే అనుమానం వస్తుంది, సినిమా దాన్ని దాచడానికి పెద్దగా ప్రయత్నించదు. దాచి ఉంటే కళ్లు ఆధారాల మీదే ఉండేవి. దాచలేదు కాబట్టి జాబెల్ ఎందుకు చంపాడన్న దాని మీదికి మనసు పోతుంది. చంపింది నెల్లీ మీది కోరికతో, అసూయతో. చూడ్డానికి రాక్షసుడిలా ఉంటూ రోమియోలా ప్రేమించడం ఎంత ఘోరమో అతనే చెప్పుకుంటాడు. ఆ ఒక్క మాటతో విలన్ కూడా భగ్నప్రేమికుల వరసలో నిలబడతాడు. అసహ్యం తగ్గదు, కానీ దానికి ఇంకో రంగు కలుస్తుంది.

ల్యూసియాఁ ఇంకో రకం. పియెర్ బ్రాసోర్ వేసిన ఈ చిల్లర రౌడీ పైకి దర్జా, లోపల పిరికి. జాఁ అతన్ని చెంపదెబ్బ కొడతాడు, ఒకసారి రేవులో, మళ్లీ సంతలో, బొమ్మకార్ల మధ్య, అందరూ చూస్తుండగా. రెండోసారి దెబ్బ తిన్నాక ల్యూసియాఁ ముఖం ఏడవబోయే పిల్లాడిలా అయిపోతుంది. బ్రాసోర్ నటనలో గమనించాల్సిన క్షణం అదే. ఆ అవమానం లేకపోతే చివర్లో తుపాకీ పేలదు. బలవంతుడైన విలన్‌తో చచ్చిపోతే హీరోకి వీరమరణం దక్కేది. పిరికివాడి చేతిలో, చెంపదెబ్బ బాకీ కింద చచ్చిపోతే మిగిలేది దిగులొక్కటే. దెబ్బలు రెండే ఎందుకన్నదీ చూడాలి. ఒకటే అయితే తగాదా. మూడైతే పగ ముందే తెలిసిపోతుంది. రెండోదాన్ని సంతలో, నవ్వుల మధ్య, ప్రేమ సీనులో పెట్టడం వల్ల ఆ సంతోషంలో ప్రేక్షకుడు దాని బరువు మర్చిపోతాడు.

ఈ చీకటంతటిలో అనుకున్నది దక్కేది ఒక్కడికే. తెల్లటి దుప్పటి పరిచిన మంచం మీద ఒక్కసారి పడుకోవాలన్నదే తాగుబోతు కార్-విట్టెల్ కల. జాఁని పనామా కొంపకు తీసుకొచ్చింది అతనే. చివరికి అతనికి ఆ దుప్పటి దొరుకుతుంది. చిన్న ముచ్చటే, కానీ నవ్వించడానికి పెట్టిన అతుకు అనుకుంటే పొరపాటు. ఒకడి కోరిక తీరడం చూశాకే మిగతావాళ్లవి తీరకపోవడం తెలుస్తుంది. మొత్తం ఒకే రంగులో ముంచేసిన కథల్లో ఈ కొలబద్ద ఉండదు. ఇరవై నిమిషాలయ్యేసరికి ప్రేక్షకుడికి విసుగు పుడుతుంది, విసుగుని రచయిత విషాదం అనుకుంటాడు.

మంచు గురించి మాట్లాడేటప్పుడు చేతిపని సంగతి కూడా చెప్పుకోవాలి. 1938 మొదట్లో కొంత లె హావ్ర్‌లో, మిగతాది పారిస్ దగ్గర జ్వాఁవిల్ స్టూడియోలో చిత్రీకరించారు. సెట్లు వేసింది హంగరీ నుంచి వచ్చిన అలెగ్జాండర్ ట్రౌనర్. కెమెరా వెనక జర్మనీ నుంచి వచ్చేసిన యూజెన్ షుఫ్తాన్. ఇద్దరూ యూదులు, ఇద్దరూ పరాయి దేశంలో పనిచేస్తున్నవాళ్లు. దేశం దాటిపోదామనుకునే మనిషి కథకు రూపం ఇచ్చింది దేశం వదిలి వచ్చినవాళ్లు. తర్వాతి కాలంలో ఇద్దరికీ హాలీవుడ్ పనికి ఆస్కార్లు వచ్చాయి.

నలుపు తెలుపుల్లో మంచు పండాలంటే కొన్ని నియమాలు తప్పవు. వెలుగు మనిషి ముందు నుంచి పడితే మంచు తెల్లటి తెరలా మారి ముఖాన్ని మింగేస్తుంది. వెనక నుంచి గానీ వాలుగా పక్క నుంచి గానీ పడితే మంచు వెలుగుతుంది, మనిషి దాని మీద గీసిన ఆకారంలా నిలుస్తాడు. నేల తడిసి ఉండాలి. పొడి నేల వెలుగుని పీల్చేస్తుంది, తడి నేల తిరిగి ఇస్తుంది, అప్పుడే చీకట్లో లోతు కనిపిస్తుంది. వెనక ఉన్నవి మసకబారతాయి కాబట్టి సెట్లో ఆకారం చాలు, వివరం అక్కర్లేదు: ఒక తెరచాప కొయ్య, ఒక దీపస్తంభం, ఒక గోడ అంచు. అన్నిటికంటే చిక్కు షాట్ల మధ్య మంచు చిక్కదనం ఒకేలా నిలపడం. ఇప్పుడు పొగ యంత్రంతో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకీ ఇదే బాధ. ఒక షాటులో పొగ అప్పుడే వదిలినది, ఎదుటి షాటులో సగం చెదిరినది, రెండూ పక్కపక్కన పెడితే మనుషులు వేరే ఊళ్లలో ఉన్నట్టుంటుంది. పొగ వదిలి, విసనకర్రతో సర్ది, అది పరుచుకునేదాకా ఆగి, ఎదురెదురు షాట్లను వెంటవెంటనే తీసుకోవడం ఒక దారి.

నెల్లీ దుస్తులు ఈ లెక్కలోనే పుట్టాయనిపిస్తుంది. బెరే టోపీ, వెలుగు తగిలితే మెరిసే పారదర్శకమైన రెయిన్‌కోటు, తయారీ పారిస్ ఫ్యాషన్ డిజైనర్ కొకో షనెల్‌ది. ఆ కోటు మంచులో ఒంటిని దాచదు, పట్టుకోనివ్వదు కూడా. మోర్గాన్‌కి అప్పుడు పద్దెనిమిది నిండుతున్నాయి, గబాఁకి ముప్ఫై మూడు. ముఖాలు దగ్గరగా చూపించినప్పుడు ఆమె కళ్ల మీద వెలుగు, మిగతా ముఖం నీడ. నీ కళ్లు చాలా బాగున్నాయి తెలుసా అని గబాఁ అనే మాట ఫ్రెంచివాళ్లకు సామెతలా నిలిచిపోయింది. మాటలో కొత్తేమీ లేదు. పొదుపుగా మాట్లాడే మనిషి నోటి నుంచి రావడమే దాని విలువ.

సంగీతం మోరిస్ జోబెర్‌ది. అతను సీనులోని భావాన్ని గట్టిగా మళ్లీ చెప్పడు. తెలుగు షార్ట్ ఫిల్ముల్లో దిగులు సీను రాగానే వయొలిన్ ఎత్తుకునే రీరికార్డింగ్‌కి ఇది సరిగ్గా ఎదురు. ముఖం ఏడుస్తుంటే సంగీతం ఏడవక్కర్లేదు. జోబెర్ 1940 జూన్‌లో యుద్ధంలో చనిపోయాడు. కార్-విట్టెల్‌గా నటించిన ఎమోస్ 1944లో పారిస్ విముక్తి పోరాటంలో చనిపోయాడు. ఆ ఏడాదే సెప్టెంబరులో బ్రిటిష్ బాంబులకు లె హావ్ర్ నడిబొడ్డు నేలమట్టమైంది. ఈ సినిమాలో వీధులు చూస్తున్నప్పుడు ఇవి గుర్తుకు రాకుండా ఉండవు.

విడుదలైనప్పుడు సినిమా ఆడింది, బహుమతులూ వచ్చాయి. కానీ రాజకీయాల్లో కుడి ఎడమలు రెండు వైపుల నుంచీ తిట్లూ వచ్చాయి. 1940లో జర్మనీ చేతిలో ఫ్రాన్సు ఓడిపోయాక, మనల్ని నీరసపరిచింది ఇలాంటి సినిమాలేనని, జర్మనీకి లొంగి నడిచిన విషీ ప్రభుత్వం వైపు నుంచి నింద పడింది. తుపానుకు వాతావరణ సూచికను తిడితే ఎలా అన్నది కార్నే జవాబు. జవాబు సరైనదే. 1936లో పెద్ద ఆశలతో గెలిచిన వామపక్షాల ప్రజాకూటమి రెండేళ్లకే చెదిరిపోతోంది, పొరుగున యుద్ధం తయారవుతోంది. పారిపోవాలనుకుని పారిపోలేని మనిషి ఆనాటి ప్రేక్షకుడికి పరాయివాడు కాడు. అప్పటి ఫ్రెంచి పత్రికలు ఈ కోవ సినిమాలకు వాడిన ‘ఫిల్మ్ న్వార్’ (నల్ల సినిమా) అన్న పేరే 1946 నుంచి అమెరికన్ నేర చిత్రాలకు అంటుకుంది.

దీన్ని అనుకరించినవాళ్లు సాధారణంగా మంచునీ, సిగరెట్టునీ, చివరి చావునీ తీసుకున్నారు. విధి రాసిపెట్టింది కాబట్టి హీరో చనిపోయాడన్నట్టు తీశారు. ‘పొగమంచు రేవు’లో విధి అన్ని తలుపులూ మూసేయదు. ఒకటి తెరిచే ఉంచుతుంది. చివరి రోజు జాఁ ఓడ ఎక్కేశాడు. చేతిలో కాగితాలున్నాయి, కుక్కని కూడా ఎక్కించాడు. హత్యానుమానం వచ్చినా ఇంకా ఎవరూ అతన్ని చేరుకోలేదు. కూర్చుంటే చాలు, వెనిజులా. అతనే లేచి, నెల్లీని ఒక్కసారి చూసొద్దామని మెట్లు దిగుతాడు.

సినిమా మొత్తం ఈ నాలుగు అడుగుల కోసమే కట్టారు. వెళ్లేసరికి కొట్టు కింది నేలమాళిగలో జాబెల్ నెల్లీ మీద చెయ్యి వేసి ఉంటాడు. లారీలో స్టీరింగ్ లాగినట్టే జాఁ మళ్లీ అడ్డం పడతాడు. చేతికి దొరికింది ఒక ఇటుక. వెళ్లడం ఒక్క పది నిమిషాలు ఆలస్యమైతే నెల్లీ ఏమయ్యేదో, అసలు వెళ్లకపోతే అతను ఏమయ్యేవాడో రెండూ మనకి తెలుసు. అందుకే వెళ్లకుండా ఉండాల్సిందని కూడా అనలేం. బయటికొచ్చి వీధిలో అడుగుపెట్టగానే ల్యూసియాఁ కాలుస్తాడు. ముద్దు పెట్టు, త్వరగా, వేళ మించిపోతోంది అంటాడు జాఁ, రైలు అందుకోవాల్సినవాడు తొందరపెట్టినట్టు. అవతల ఓడ కూత వేస్తుంది. కట్టేసిన తాడు తెంచుకుని కుక్క ఓడ దిగి, వచ్చిన రోడ్డు మీదే పరుగెడుతుంది.